ఎక్కడైనా ఆపొచ్చు

పర్లాకిమిడిలో ఉంటూ కారెందుకమ్మా అని ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. అడిగినవాళ్ళ తప్పేం లేదు. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న ఊరు, చిన్నది. మా కొట్టు నుంచి ఇంటికి నడిస్తే ఏడు నిమిషాలు, కూరల బజారు ఇంకా దగ్గర. మా సందులో రెండు బళ్ళు ఎదురైతే ఏదో ఒకటి వెనక్కి పోవాల్సిందే. మా ఆయనకి బైకుంది, నాకు పాత స్కూటీ ఉంది.

మొదట్లో "సరుకు తెచ్చుకోడానికి" అని చెప్పేదాన్ని. మాది మ్యాచింగ్ సెంటర్. లైనింగు, ఫాల్స్, బ్లౌజు పీసులు, లంగాలు, హుక్కులు, దారాలు. శ్రీకాకుళం వెళ్ళి హోల్‌సేల్‌లో తెచ్చుకోవాలి. ఆ మాట నిజమే గాని, ఆ బస్తా పదకొండేళ్ళు బస్సులోనే వచ్చింది, దానికి కారు అక్కర్లేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే అసలు సంగతే చెప్తున్నాను: నేను ఆపమన్నప్పుడు బస్సు ఆగదు, అందుకని కొన్నాను. సగంమంది నవ్వేస్తారు. మిగతా సగంలో ఒకరో ఇద్దరో నవ్వరు, కాసేపాగి పక్కకి పిలిచి మెల్లగా, "నీకూ ఉందా అది?" అంటారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. రాతలో తప్పులుంటే క్షమించాలి. వాడుక భాషలో రాయండర్రా అని పోరాడిన గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది, కాబట్టి ఆ పేరు చెప్పి తప్పించుకుంటాను.

2018 నవంబరు, కార్తీక సోమవారం. శ్రీకాకుళం వెళ్ళే బస్సు. ముఖలింగం వెళ్ళే జనంతో కిక్కిరిసిపోయింది. కిటికీ పక్క సీటు దొరికింది, అదృష్టం అనుకున్నాను. పక్కన ఒకావిడ, ఆవిడ ఒళ్ళో పిల్లాడు, నడవాలో నిలబడ్డవాళ్ళ సంచులు మా తలల మీద. పాతపట్నం దాటాం. సారవకోట దగ్గరపడుతుండగా మెడ వెనక ఎవరో చల్లటి నీళ్ళు ఒంపినట్టయింది. గుండె గబగబా కొట్టుకోవడం మొదలెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి లోపలికి వెళ్తోంది గాని చాలట్లేదు. ముందు సీటావిడ జడలో చేమంతులు ఒక్కో రేకూ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఉన్నాయి, ఎక్కడో అద్దానికి అవతల ఉన్నట్టూ ఉన్నాయి. చచ్చిపోతున్నాననిపించింది. అనుమానంగా కాదు, బస్సు టికెట్టు చేతిలో ఉందన్నంత ఖాయంగా.

లేచి, "ఆపండి, దిగిపోతాను" అన్నాను. "ఇక్కడేటుందమ్మా, పొలాలు. నరసన్నపేటలో దిగుదువు గాని" అన్నాడు కండక్టరు. ఆయన మంచిగానే అన్నాడు. నేను మాత్రం అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. బస్సంతా తలలు తిప్పి చూసింది. ఆపాడు.

తాటిచెట్టు కింద గట్టు మీద కూలబడ్డాను. కోతకొచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ తన సీసాలో నీళ్ళు నా చేతుల్లో పోసింది. చిత్రం ఏమిటంటే, పదిహేను నిమిషాల్లో ఏమీ లేదు. గుండె మామూలుగా కొట్టుకుంటోంది. ఎండ హాయిగా ఉంది. చావబోయిన మనిషిని అక్కడ కూర్చుని చీర కుచ్చిళ్ళకి అంటిన మట్టి దులుపుకుంటున్నాను. వెనక బస్సు వచ్చింది, చెయ్యెత్తి ఆపాను, మెట్టు మీద కాలు పెట్టాను, మళ్ళీ తీసేశాను. మా ఆయన బైకేసుకుని వచ్చేదాకా ఆ చెట్టు కిందే ఉన్నాను.

తరువాత అందరికీ జరిగేదే జరిగింది. ఈసీజీ నార్మల్. ఎకో నార్మల్. థైరాయిడ్ నార్మల్. నార్మల్ అంటే సంతోషించాలి కదా, నాకు భయం ఇంకా పెరిగింది. మిషన్లకి కూడా దొరకని రోగమేదో ఉందనుకున్నాను. ఒకాయన గ్యాస్ అని మాత్రలు రాశాడు. మా అత్త దిష్టి తీసి, పాతపట్నం నీలమణి దుర్గ గుడికి తీసుకెళ్ళి ముడుపు కట్టించింది. అత్తనేమీ అనను. దిష్టి తీసిన రాత్రి నా పక్కనే పడుకుని తల నిమిరింది. గ్యాస్ మాత్రలు రాసినాయన నా మొహం కూడా చూడలేదు.

ఆ తరువాతి ఏడాది నా ప్రపంచం ఉతికిన లైనింగు గుడ్డలాగ ముడుచుకుపోయింది. ముందు బస్సు మానేశాను. తరువాత రైలు. తరువాత బ్యాంకులో క్యూ. గుడిలో దర్శనం క్యూ, ముఖ్యంగా రెండు పక్కలా ఇనప గొట్టాలుండే క్యూ. పార్లర్‌లో మెడకి గుడ్డ కట్టి కుర్చీ వెనక్కి వాల్చితే లేచి వచ్చేశాను, సగం జుట్టు కత్తిరించాక. చెల్లెలి సీమంతానికి వెళ్ళలేదు. దానికి కోపం, రెండేళ్ళు మాట్లాడలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. "గాబరా" అంటే "అందరికీ ఉంటుంది గాబరా" అనేవారు. లాక్‌డౌన్ వచ్చింది, అందరూ ఇళ్ళలో ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గాని, నాకు హాయిగా ఉండేది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గవర్నమెంటే చెప్పింది.

2021 అక్టోబరులో శ్రీకాకుళంలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలని నిశ్చయమైంది. ఎలా వెళ్ళడం? బస్సు కుదరదు. బైకు మీద వెనక కూర్చుంటే మధ్యలో కళ్ళు తిరుగుతాయని భయం. మా వీధిలో ఆటో నడిపే కుర్రాడు ఉన్నాడు, నన్ను అక్కా అన్నట్టు అప్పా అని పిలుస్తాడు. వాడిని అడిగాం. అంత దూరం ఆటోలోనా అని నవ్వలేదు. "ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతానప్పా, మీటరేటీ తిరగదు కదా" అన్నాడు.

నరసన్నపేట వచ్చేలోపు ఐదుసార్లు ఆపించాను. మొదటిసారి పాతపట్నం దాటగానే. దిగాను, పది అడుగులు నడిచాను, మళ్ళీ ఎక్కాను. రెండోసారి, మూడోసారి అంతే. సారవకోట దగ్గర ఆ తాటిచెట్టుని చూశాను, అక్కడా ఆపించాను. మా ఆయన వాచీ చూసుకుంటున్నాడు గాని నోరు మెదపలేదు. హైవే ఎక్కాక శ్రీకాకుళం దాకా ఒక్కసారి కూడా ఆపమనలేదు. అదెందుకో ఆ రోజు నాకు తట్టలేదు. తిరుగు ప్రయాణంలో తట్టింది. ఆపమంటే ఆపుతాడని ఒంటికి అర్థమయ్యాక, ఆపాల్సిన అవసరమే రాలేదు.

కారు ఆలోచన ఆ ఆటోలో పుట్టింది.

డాక్టరు గారు ముప్పావుగంట విన్నారు. దీన్ని ప్యానిక్ డిజార్డర్ అంటారు, దాని వెంట అగోరాఫోబియా కూడా వచ్చింది అన్నారు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. తెలుగులో "బహిరంగ ప్రదేశాల భయం" అని రాశారు. ఎవరు పెట్టారో గాని నాకు బొత్తిగా నప్పని పేరు. అగోరా అంటే గ్రీకు భాషలో సంత జరిగే చోటు. 1871లో వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ డాక్టరు ఆ పేరు పెట్టాడు, ఖాళీగా ఉన్న పెద్ద కూడళ్ళు దాటలేకపోతున్న మనుషుల్ని చూసి. నాకు సంతంటే భయం లేదు. ఆరుబయట, పొలం గట్టు మీద, తాటిచెట్టు కింద నాకంటే హాయిగా ఎవరూ ఉండరు. నా భయమంతా సంతకి తీసుకెళ్ళే బస్సుతోనే. ఇప్పుడు డాక్టర్లు చూసేది కూడా అదే అట: ఏమైనా అయితే బయటపడటం కష్టమో, సాయం అందదో అనిపించే చోట్లు. బస్సులూ రైళ్ళూ, మైదానాలు, మూసి ఉన్న గదులు, క్యూలూ గుంపులూ, ఇంటి బయట ఒంటరిగా ఉండటం, మొత్తం ఐదు రకాలు. వాటిలో రెండుంటే చాలట. నాకు మూడున్నర ఉన్నాయి.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. ఆ దడ కొన్ని నిమిషాల్లోనే శిఖరానికి చేరుతుందనీ, అక్కడి నుంచి దిగాల్సిందేననీ, ఒంట్లో ఆ వేగం గంటల తరబడి నిలవదనీ. అంటే తాటిచెట్టు నన్ను కాపాడలేదు. బస్సులోనే కూర్చుని ఉన్నా అది తగ్గేదే. కానీ దిగిన వెంటనే తగ్గింది కాబట్టి, దిగడం వల్లే తగ్గిందని నా బుర్ర రాసిపెట్టుకుంది. ఆ రాత చెరపడానికే మాత్రలూ, మాటలూ, అభ్యాసం అన్నారు. ఎస్సిటాలోప్రామ్ చిన్న డోసుతో మొదలెట్టారు. మొదటి పదిరోజులు గాబరా కొంచెం పెరిగింది, ముందే చెప్పారు గనక మానలేదు. నాలుగో వారం దాటాక ఒకరోజు పొద్దున్న టీ కాస్తూ పాట పాడుకుంటున్నానట, మా అమ్మాయి చెప్పింది. రాత్రిపూట కొన్నాళ్ళు క్లోనజెపామ్ కూడా ఇచ్చారు. ఆ మాత్ర ఉన్నన్నాళ్ళు స్టీరింగు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు, మత్తుగా ఉంటుంది. అది పూర్తిగా ఆపేశాక, ఆయన్ని అడిగాకే డ్రైవింగు స్కూల్లో చేరాను. ఈ ముక్క ఎవరూ దాటేయకండి.

ఇంట్లో గొడవ జరగకుండా కారు రాలేదు. చీటీ పాడిన డబ్బు లక్షా అరవై వేలు. దాంతో ఓవర్‌లాక్ మిషనూ, కొట్టుకి కొత్త ర్యాకులూ అని అనుకున్నాం ముందు. మా ఆయన ఒకే మాట పట్టుకున్నాడు. "ఎక్కడికి కావాలంటే అక్కడికి నేను తీసుకెళ్తున్నాను కదా."

"మీరు తీసుకెళ్తే, మీరే కదా ఆపాలి" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి బయటికెళ్ళి, రాత్రి భోజనాలప్పుడు పాత ఆల్టో ఒకటి బేరానికి ఉందని చెప్పాడు. తెల్లది, ఓడీ 20 నంబరు, ఎడమ తలుపుకి సొట్ట. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. నేను దానికి ఇంకో రెండు జతచేశాను.

డ్రైవింగు నేర్పినాయన ఒడియా మనిషి, నాకంటే చిన్నవాడు. ట్రైనింగు కారులో ఆయన వైపు కూడా బ్రేకు ఉంటుంది. క్లచ్చు వదిలిన ప్రతిసారీ నేను గట్టిగా కళ్ళు మూసుకునేదాన్ని, డ్రైవరు చేయకూడని మొదటి పని అది. ఆయన కోప్పడకుండా, "కిచ్ఛి హెబొని దీదీ, ధీరే ధీరే" అనేవాడు. ఏమీ కాదు అక్కా, మెల్లగా. ఇరవై రోజులు రోజూ ఓ నలభైసార్లు విన్నాను ఆ మాట. ఇప్పుడు దడ మొదలైతే నాకు తెలుగులో ధైర్యం చెప్పుకోడం రాదు, ఒడియాలోనే వస్తుంది. లర్నింగ్ లైసెన్సు వచ్చాక ముప్పై రోజులు ఆగాలి కదా, నేను నాలుగు నెలలు ఆగాను. ఆర్నెల్లు దాటితే అది చెల్లదని మా అమ్మాయి తరిమితే అప్పుడు టెస్టుకి వెళ్ళాను.

2023 సంక్రాంతి ముందు కారు ఇంటికొచ్చింది. మొదటి నెల దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి, కారులో కూర్చుని అద్దాలు దించి అన్నం తినేదాన్ని. వీధిలో వాళ్ళకి ఇదో వినోదం. ఎదురింటి పెద్దాయన, "ఎక్కడిదాకా వచ్చావమ్మా, బరంపురం దాటావా?" అనేవాడు. నవ్వొచ్చేది. కానీ ఆ నెల వృథా కాలేదు. నాదంటూ ఒక చిన్న గది, చక్రాలున్నది, తలుపు లోపలినుంచి నా చేత్తో తెరుచుకునేది. ఆ సంగతి ఒంటికి అలవాటవ్వాలి ముందు.

గాబరా ఉన్న మనిషికి సొంత కారు ఏం చేస్తుందో తెలియాలంటే, అది లేనప్పుడు ఏం చేయాల్సి వచ్చేదో చూడాలి. బస్సులో ఏమైనా అయితే మొదట ఎవరికో చెప్పాలి. చెప్పాలంటే అరవాలి. అరిస్తే అందరూ చూస్తారు. ఏమైందంటే చెప్పడానికి ఏమీ ఉండదు. అంటే దడ కంటే ముందు, దడ వస్తే జరగబోయే ఈ తతంగమంతా తలుచుకునే సగం దడ వచ్చేస్తుంది. కారులో ఆ తతంగం లేదు. ఎడమ వైపు ఇండికేటరు, బ్రేకు, హ్యాండ్‌బ్రేకు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. రోడ్డు పక్కన ఆగిన కారులో ఒకావిడ కూర్చుని ఉంటే ఫోన్ మాట్లాడుతోంది అనుకుంటారు, అంతే.

నా పద్ధతులు కొన్ని ఉన్నాయి, నవ్వినా పర్లేదు. కారు ఎప్పుడూ ముక్కు రోడ్డు వైపు ఉండేలా వెనక్కి నడిపి పెడతాను, వెళ్ళేటప్పుడు చటుక్కున బయటపడాలి. తలుపు సొరుగులో నీళ్ళ సీసా, ఒక నిమ్మకాయ, గోరు గిచ్చి వాసన చూడటానికి. పెట్రోలు ఎప్పుడూ సగం పైనే. మా వైపు కాస్త చవక కూడాను, పాతపట్నం వాళ్ళు ఇటొచ్చి పోయించుకుంటారు. పెళ్ళిళ్ళలో మండపం తలుపుకి దగ్గర కుర్చీ, తాళం చెవి పిడికిట్లో. ఆడపడుచు కూతురి పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళకి బాజాలు ఒక్కసారిగా లేచాయి, నా గుండె కూడా లేచింది. బయటికొచ్చి కారులో తొమ్మిది నిమిషాలు కూర్చున్నాను. తలంబ్రాలకి లోపలికెళ్ళాను. అంతకు ముందైతే అసలు ఆ పెళ్ళికే వెళ్ళేదాన్ని కాదు. ఆ తొమ్మిది నిమిషాలూ నేను లేనని ఎవరికీ తెలీదు, ఐస్‌క్రీమ్ దగ్గర ఉన్నాననుకున్నారు.

అన్నీ ఇలా సాఫీగా ఏం జరగలేదు. మడపాం టోల్‌గేటు సంగతి చెప్పాలి. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయింది గనక చిల్లర కోసం ఆగే పని ఉండదు, ఎప్పుడూ అలా దాటిపోయేదాన్ని. ఆ రోజు నా ముందున్న లారీకి ట్యాగు రీడ్ అవ్వట్లేదు. లైనుకి రెండు పక్కలా సిమెంటు దిమ్మలు. వెనక ఇంకో లారీ, నా డిక్కీకి ముద్దు పెట్టేంత దగ్గరలో. కారే అయినా, ఇక్కడ ఎటూ తిప్పలేను. సొంత కారు కొనుక్కుని అచ్చం సారవకోట బస్సులోకే వచ్చి కూర్చున్నాననిపించింది. మెడ వెనక చల్లదనం మొదలైంది.

హ్యాండ్‌బ్రేకు లాగాను. అద్దం దించాను. లారీ వెనక టార్పాలిన్ కట్టిన తాడుకి ముడులున్నాయి, అవి లెక్కపెట్టాను. ఊపిరి వదలడం పీల్చడం కంటే పొడుగ్గా ఉండాలి, డాక్టరు గారి లెక్క అది. ఒక ముడికి పీల్చడం, రెండు ముడులకి వదలడం. వెనక లారీవాడు హారను మీద చెయ్యి తీయట్లేదు. పద్నాలుగు ముడులు. మళ్ళీ మొదటినుంచి. వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఎక్కనీ అనుకున్నాను. కిచ్ఛి హెబొని. నాలుగోసారి లెక్కపెడుతుంటే ముందు లారీ కదిలింది. గేటు దాటాక ఎడమకి తీసి, నాలుగు లైట్లూ మిణుకు మిణుకు వేసి, నిమ్మకాయ గిచ్చాను. ఒళ్ళంతా చెమట. వెనక్కి ఇంటికెళ్ళిపోదాం అనుకున్నాను. హైవే మీద వెనక్కి తిరగాలంటే ముందుకెళ్ళి ఎక్కడో ఖాళీ చూసి తిరగాలి కదా, ఆ ఖాళీ వెతుక్కుంటూ పోతూ ఉంటే దడ కాస్తా దిగిపోయింది. సరే, వచ్చిందాన్ని ఎలాగూ వచ్చాను అని శ్రీకాకుళం వెళ్ళి లైనింగు తాన్లు వేసుకుని వచ్చాను. బెంగాలీ కాటన్ ఆ రోజు మంచి ధరకి దొరికింది కూడా.

ఇది చదివి అందరూ కారు కొనేయకండి. నా స్నేహితురాలికి స్టీరింగు పట్టుకుంటేనే దడ, వంతెనల మీద మరీను. ఆమెకి రైలే హాయి, ఎవరో నడుపుతారు, తను కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. ఎవరి తాటిచెట్టు వాళ్ళది. డబ్బు సంగతి కూడా ఉంది. ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసు అన్నీ కలిపితే ఓవర్‌లాక్ మిషను ఇంకా కొట్టుకి రాలేదు. ఏమీ ఖర్చు లేనిదొకటి ఉంది, 14416. టెలీ మానస్ అని 2022లో గవర్నమెంటు పెట్టింది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒకసారి అర్ధరాత్రి రెండింటికి చేశాను. అవతల అమ్మాయి తొందరపెట్టకుండా మాట్లాడింది.

ఇక అసలు చిక్కు. ఏడాది గడిచేసరికి నేను కారు లేకుండా ఎక్కడికీ కదలడం మానేశాను. ఏడు నిమిషాల నడక కొట్టుకి కారు. గుడికి కారు. కారు సర్వీసింగుకి ఇచ్చిన రెండు రోజులూ కొట్టు తెరవలేదు. డాక్టరు గారికి ఇది గొప్పగా చెప్పాను, ఇప్పుడు అన్ని చోట్లకీ వెళ్తున్నానండీ అని. ఆయన విని, "కారు ఎంత దూరంలో పెడుతున్నారు?" అని అడిగారు. నాకు కోపం వచ్చింది. అంత కష్టపడి డ్రైవింగు నేర్చుకుంటే మెచ్చుకోడానికి బదులు పార్కింగు గురించి అడుగుతారేమిటి? కానీ జవాబు చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే జవాబు "తలుపు ఎదురుగా" అని.

దీన్ని సేఫ్టీ బిహేవియర్ అంటారట. తాటిచెట్టే, చక్రాలొచ్చాయి. కారు ఉంది కాబట్టి బతికాను అని బుర్ర మళ్ళీ రాసుకుంటోందన్నమాట. కారు అమ్మేయమనలేదు. కొంచెం కొంచెం దూరంగా పెట్టమన్నారు. మొదటి వారం గుడికి యాభై అడుగుల్లో, తరువాత వీధి మొదట్లో, తరువాత ఇంటి దగ్గరే. కొట్టుకి నడిచి వెళ్ళడం. తాళం చెవి మా ఆయన దగ్గర ఉంచడం, ఇది అన్నిటికంటే కష్టమైంది. పిడికిట్లో ఏమీ లేక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తరువాత రైలు, ఒక్క స్టేషను.

మా రైలు గురించి కొంచెం చెప్పాలి. 1900లో మా రాజుగారు వేయించిన చిన్న లైను అది, నౌపడా నుంచి పర్లా దాకా, తరువాత గుణుపూరు దాకా పొడిగించారు. నా చిన్నప్పుడు నారోగేజి. మా తాతయ్య నన్ను టెక్కలి తీసుకెళ్ళేవాడు. ఎత్తు ఎక్కేచోట రైలు ఎంత మెల్లగా పోయేదంటే, మగపిల్లలు దూకి, ఈతపళ్ళు కోసుకుని, పరిగెత్తుకొచ్చి మళ్ళీ ఎక్కేవాళ్ళు. తాతయ్య ఓసారి బీడీ నిప్పు కోసం దిగి ఎక్కాడని చెప్పుకునేవాడు, నిజమో కోతో. ఎక్కడ కావాలంటే అక్కడ దిగిపోయే రైలు. దాంట్లో నాకు ఒక్కరోజు కూడా భయం వేయలేదు. 2011 నాటికి బ్రాడ్‌గేజి రైళ్ళు వచ్చేశాయి. మంచిదే, వేగం పెరిగింది, తలుపుల దగ్గర దూకడాలు పోయాయి.

మొన్న ఆగస్టులో, ఒక బుధవారం, పర్లా స్టేషన్లో ఎక్కాను. పాతపట్నం దాకా. రాష్ట్రం మారుతుంది గాని దూరం ఏముంది, ఎక్కి సర్దుకునేలోపు వచ్చేస్తుంది. 1936లో గీత గీసినప్పుడు మేము ఒడిశాలో పడ్డాం, వాళ్ళు గీతకి అవతల ఉండిపోయారు, అంతే తేడా. ఒప్పందం ఏమిటంటే, మా ఆయన కారు తీసుకుని రోడ్డు మీద వస్తాడు, నేను దిగేసరికి స్టేషను బయట ముక్కు రోడ్డు వైపు పెట్టి ఉంటాడు. తాళం చెవి నా దగ్గర లేదు. నిమ్మకాయ మాత్రం తెచ్చుకున్నాను, ఆయనకి చెప్పలేదు.

తలుపు దగ్గర సీటు వదిలేసి కిటికీ పక్కన కూర్చున్నాను. రైలు కదలగానే మెడ వెనక ఆ చల్లదనం వచ్చింది. రానీ అన్నాను. ఎదుట కూర్చున్న ముసలావిడ బుట్టలో అరటి దొప్పలు కట్టలు కట్టి ఉన్నాయి, అవి లెక్కపెట్టాను. మూడు కట్టల దాకా వచ్చానో లేదో, ఆవిడ, "ఏటమ్మా అలా చూస్తున్నావు, కావాలా?" అంది. కట్ట ఇరవై రూపాయలంది. బేరమాడుతుంటే పాతపట్నం వచ్చేసింది.

దిగి బయటికొచ్చాను. కారు లేదు. అటు చూశాను, ఇటు చూశాను, లేదు. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. రైలు వెళ్ళిపోయింది. చేతిలో అరటి దొప్పల కట్ట. గుండె రెండు అడుగులు ముందుకేసింది, ఆగింది, మళ్ళీ వేసింది. స్టేషను బయట వేరుశెనక్కాయలు వేయించేవాడు ఉన్నాడు. ఇసకలో గరిటె తిప్పుతున్న చప్పుడు. పది రూపాయలవి కొన్నాను. గోడ నీడలో నిలబడి ఒక్కోటీ ఒలుచుకుని తిన్నాను.

చాలాసేపటికి తెల్ల ఆల్టో వచ్చింది, సొట్టతో సహా. మా ఆయన కంగారుగా దిగి పరిగెత్తుకొచ్చాడు. గేటు వేసేశారట. నేనున్న రైలు కోసమే వేశారు. ఆ గేటు దగ్గర ముందు ట్రాక్టరు, వెనక బస్సు, ఎటూ కదలడానికి లేక ఇరుక్కుపోయి, ఫోనేమో వెనక సీట్లో, నేను పోయుంటానని తలుచుకుని చెమటలు కక్కాడు.

"ఎంతసేపైంది నువ్వు దిగి?" అన్నాడు.

పొట్లంలో చూశాను. నాలుగు కాయలు మిగిలాయి. ఆయనకి ఇచ్చాను.